ఎల్ కెన్నెడీ ‘ద డీల్’: ఉత్తుత్తి ప్రేమ, ఐస్ హాకీ, ఆఖర్లో చెప్పిన ఆ అబద్ధం (కథంతా చర్చలో ఉంది, చదవనివాళ్లు చూసుకుని రండి)

గోదారిగట్టు
అందరికీ నమస్తే. ప్రతిలిపి యాప్‌లో ఈమధ్య ఏ సీరియల్ తెరిచినా కాంట్రాక్ట్ పెళ్లో, ఉత్తుత్తి నిశ్చితార్థమో కనిపిస్తోంది. నేనూ అలాంటిదే ఒకటి రాస్తున్నాను. అందుకే ఈ కోవలో బాగా పేరొచ్చిన నవల ఒకటి తీసుకుని నిదానంగా చదివాను. అది ఎల్ కెన్నెడీ ‘ద డీల్’. 2015లో వచ్చింది. ఆవిడ కెనడా రచయిత్రి. కథ జరిగేది మాత్రం అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్నట్టు ఆవిడ కల్పించిన బ్రయర్ యూనివర్సిటీలో.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. గారెట్ గ్రాహం కాలేజీ హాకీ టీం కెప్టెన్. ఎథిక్స్ (నీతిశాస్త్రం) పేపర్ తప్పాడు. మళ్లీ పెట్టే పరీక్షలో గట్టెక్కకపోతే ఆట ఆగిపోతుంది. హానా వెల్స్ సంగీతం చదువుతోంది, అదే పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుంది. తనకి పాఠం చెప్పమని వెంటపడతాడు. ఆమె ఒప్పుకోదు. ఆమె చూపు జస్టిన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి మీద ఉందని కనిపెట్టి బేరం పెడతాడు: నువ్వు నాకు పాఠం చెప్పు, నేను నీతో తిరుగుతున్నట్టు నటిస్తాను, జస్టిన్ కళ్లు నీవైపు తిరుగుతాయి.

ఇంత పాత సరుకుతో పుస్తకం ఎందుకు నిలబడింది? నాకు తోచింది ఇది. వీళ్లిద్దరూ లోకానికి అబద్ధం చెప్తారు, ఒకళ్లకొకళ్లు మాత్రం చెప్పుకోరు. బేరం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఎవరికి ఏం కావాలో మొదటి రోజే బల్ల మీద పెట్టేశారు. నిజంగా ప్రేమలో ఉన్నవాళ్లు దాచుకునేవన్నీ, అవతలి మనిషిని మెప్పించాల్సిన అవసరం లేదు కాబట్టి, వీళ్లు దాచుకోరు. సంగీతం దగ్గర పోట్లాడుకుంటారు, చదువయ్యాక అతని గదిలో కూర్చుని ‘బ్రేకింగ్ బ్యాడ్’ టీవీ సిరీస్ చూస్తారు. నాకు ఈ నవల అంటే ఇష్టం కుదిరింది ఆ సాయంత్రాల దగ్గరే. ఎవరూ చూడని చోట నటన అక్కర్లేదు కదా. అయినా ఇద్దరూ అక్కడే ఉంటారు.

మీరేమంటారు?

తెనాలిపెట్టె
మంచి చర్చ మొదలుపెట్టారు. మీరన్నది మనకి కొత్తేమీ కాదండీ. 1955లో ‘మిస్సమ్మ’ చేసిన పని సరిగ్గా ఇదే. అప్పాపురం జమీందారు గారి బడికి టీచర్లుగా భార్యాభర్తలే కావాలన్నారు. ఉద్యోగం కోసం రావు, మేరీ మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని వెళ్తారు. ఊరంతటికీ అబద్ధం. ఇద్దరి మధ్యా మాత్రం లెక్క సూటిగా ఉంటుంది. మేరీకి విసుగొస్తే విసుక్కుంటుంది, తనకి నచ్చనిది నచ్చలేదని మొహం మీదే చెప్తుంది. నిజం భార్య అయితే ఆ కాలంలో అంత ధైర్యంగా మాట్లాడే సావిత్రిని చూసేవాళ్లమా?

ఇంకో పోలిక కూడా ఉంది. రావు జమీందారు గారి అమ్మాయికి సంగీతం నేర్పుతుంటే మేరీకి ఉడుకుమోత్తనం పుట్టుకొస్తుంది. ‘ఇతను నాకేమీ కాడు, మరి నాకెందుకింత కోపం?’ అని తనకే అర్థం కాని స్థితి. ఉత్తుత్తి బంధం కథల్లో అసలు మలుపు అక్కడే ఉంటుంది. హక్కు లేని చోట అసూయ పుట్టడం. ‘ద డీల్’లో గారెట్‌కి ఆ గతి పడుతుంది. జస్టిన్‌కి అసూయ పుట్టించాలని మొదలుపెట్టిన నాటకంలో, తీరా జస్టిన్ దగ్గరయ్యేసరికి ఉడికిపోయేది గారెట్.

లోవెల్‌చలి
నేను మసాచుసెట్స్‌లో మాస్టర్స్ చేశాను, అందుకని హాకీ సంగతి నేను చెప్తాను. మనవాళ్లు హాకీ అనగానే ధ్యాన్‌చంద్‌ని తలుచుకుంటారు. ఈ నవల్లోది మంచు మీద ఆట. ఒక్కో జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ఒక ఆటగాడు మంచు మీద ఒక విడతలో ఉండేది నిమిషం లోపే, ఆపైన కాళ్లు పనిచేయవు. ఆట నడుస్తుండగానే బెంచీ మీది నుంచి దూకి మార్పు చేసుకుంటారు.

నేను మొదటిసారి లోవెల్‌లో సాంగస్ సెంటర్‌లో చూశాను. టీవీలో తెలియనిది అక్కడ శబ్దం. స్కేట్లు మంచుని గీరే చప్పుడు ఒక పక్క, పక్ వచ్చి మన ముందున్న అద్దానికి తగిలితే గుండె ఝల్లుమనేది మరో పక్క. పక్ అంటే అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉండే గట్టి రబ్బరు బిళ్ల. ఎగిరెగిరి పడకుండా ఉండడానికి దాన్ని ముందే ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తారు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య జాంబోనీ బండి వచ్చి మంచుని నున్నగా చేసి వెళ్తుంటే పిల్లలందరూ దానికి చేతులూపుతారు.

బోస్టన్ చుట్టుపక్కల ఈ పిచ్చి మామూలుగా ఉండదు. బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజ్, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్ నాలుగూ కలిసి ఆడుకునే బీన్‌పాట్ టోర్నీ 1952 నుంచీ ఉంది. ఫిబ్రవరిలో సోమవారాలు ఆడతారు. ఊరు ఊరంతా అటే. కెన్నెడీ తన కల్పిత యూనివర్సిటీని మసాచుసెట్స్‌లో పెట్టడంలో అర్థం ఉంది. హాకీ కెప్టెన్ నడిచొస్తుంటే క్యాంపస్ మొత్తం తలతిప్పి చూడడం అక్కడైతే నమ్మబుద్ధేస్తుంది.

పాలమూరుపోరి
నేను హాకీ పేజీలన్నీ తిప్పేసిన అన్నా, నిజం చెప్తున్న. ఆట లేకున్నా ఈ కథ నడుస్తది కదా? అతన్ని క్రికెట్ కెప్టెన్‌ని చేస్తే ఏం తేడా వస్తది?

లోవెల్‌చలి
తేడా వస్తుంది చెల్లీ. మూడు చోట్ల.

ఒకటి, చదువు. అక్కడ కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం మార్కులు ఒక స్థాయి కింద పడితే మైదానంలోకి రానివ్వరు. ఎంత పెద్ద స్టార్ అయినా అంతే. కథకి ఇరుసు ఇదే. ఎథిక్స్ పేపర్ పోతే కెప్టెన్‌గిరీ పోతుంది. కాబట్టి గారెట్ బేరానికి రావడం సరదాకి చేసిన పని కాదు.

రెండు, కొట్లాట. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ ఆటలో, ఇద్దరు గ్లవ్స్ విసిరేసి కొట్టుకుంటే ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుని మళ్లీ వచ్చి ఆడతారు. కాలేజీ ఆటలో అలా కుదరదు. మొహం మొత్తం కప్పే జాలీ ఉంటుంది. కొట్లాడితే ఆ మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తారు, తర్వాతి మ్యాచ్ కూడా పోతుంది. నవల్లో గారెట్ మంచు మీద ఒకడి మీద చెయ్యి చేసుకుంటాడు గుర్తుందా? హానా గతంతో సంబంధం ఉన్నవాడు వాడు. అతను అక్కడ ఏం పణంగా పెట్టాడో ఈ నిబంధన తెలిస్తేనే తెలుస్తుంది.

మూడోది గారెట్ వాళ్ల నాన్న. ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో పేరుమోసిన ఆటగాడు. ఇంట్లో భార్యనీ కొడుకునీ కొట్టినవాడు. గారెట్‌కి హాకీ ఆయన చేతుల మీదుగానే వచ్చింది. అసహ్యించుకునే మనిషి దగ్గర నుంచి వచ్చిన ఆటని ప్రేమిస్తూ బతకడం చిన్న విషయం కాదు. గ్యాలరీలో ఆయన కూర్చుని ఉంటాడని తెలిసీ ఇతను ఆడాలి. ఆ పేజీలు మాత్రం తిప్పెయ్యకు.

పాలమూరుపోరి
సరే అన్నా, ఆ పేజీలు మళ్ల చదువుత.

నల్లమలనీడ
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా అభ్యంతరం గట్టిగానే చెప్తాను. హానా పాఠం చెప్పనంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అంది. గారెట్ వదల్లేదు. చదువుకునే చోటికి వస్తాడు, పనిచేసే హోటల్ దగ్గర ప్రత్యక్షమవుతాడు. అందగాడు, చమత్కారి కాబట్టి మనకి నవ్వొస్తుంది. ఆ అందం తీసేసి చదవండి. ఒక అమ్మాయి ‘వద్దు’ అంటే ‘ఇంకాసేపు అడిగితే ఒప్పుకుంటుంది’ అనే పాఠమే కదా ఇది? మన సినిమాలు యాభై ఏళ్లుగా ఇదే నేర్పాయి, దాని ఫలితం కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లలు అనుభవించారు. ఆ గేటు దాటినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ భాగం నాకు మింగుడుపడలేదు.

గోదారిగట్టు
నల్లమల గారూ, మీ మాట కొట్టిపారేసేది కాదు. ఆ మొదటి అధ్యాయాల్ని నేనూ సమర్థించను. ఒక్క తేడా మాత్రం చూడమంటాను. అతను వెంటపడింది పాఠం కోసం. ఆమె శరీరం దగ్గరికో మనసు దగ్గరికో వచ్చేసరికి ‘వద్దు’ అన్న మాటకి అతను ఆగుతాడు, ఆమె అడిగేదాకా కదలడు. రచయిత్రి ఆ రెండింటినీ వేరుచేసి చూపించిందనే నేననుకుంటున్నాను. అయినా మొదటి దానికి మార్కులు తగ్గించాల్సిందే.

నల్లమలనీడ
వేరుచేసింది, ఒప్పుకుంటాను. కానీ పదహారేళ్ల పిల్ల చదివితే ఆ తేడా పట్టుకుంటుందా అన్నదే నా బాధ.

కాఫీతోట
పదహారేళ్ల పిల్లలకి ఇవ్వకండి. పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉన్నాయి. కవర్ చూసి మామూలు కాలేజీ కథ అనుకుని మా మేనకోడలికి కొనబోయి, ముందు నేను చదివి ఆగాను. పద్దెనిమిది దాటినవాళ్ల పుస్తకం ఇది.

వైద్యంవాకిట
నేను వృత్తిరీత్యా కౌన్సెలర్‌ని. ఇప్పటిదాకా ఎవరూ పేరుపెట్టి చెప్పని విషయం చెప్తాను. ఇబ్బంది అనిపించేవాళ్లు ఈ పోస్టు దాటేయండి.

హానాకి పదిహేనేళ్లప్పుడు ఒక పార్టీలో తాగే దాంట్లో మందు కలిపి ఆమె మీద అత్యాచారం చేశారు. ఊళ్లో పలుకుబడి ఆ పని చేసినవాడి ఇంటివాళ్లది. ఊరు హానా కుటుంబం వైపు నిలబడలేదు. అమ్మానాన్నలు అక్కడే ఇరుక్కుపోయారు, ఆమె ఇంటికి వెళ్లలేదు. నవల దీన్ని మలుపు కోసం ఆఖర్న బయటపెట్టే రహస్యంలా వాడుకోలేదు. ఆమె రోజువారీ అలవాట్లలో చూపించింది. పార్టీకి వెళ్తుంది కానీ ఎవరు ఏది చేతికిచ్చినా తాగదు. చూసేవాళ్లకి ఆమె బిగదీసుకుపోయిన మనిషిలా కనిపిస్తుంది. ఆమె లోపల మాత్రం ఎప్పుడూ ఒక కాపలా నడుస్తూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలాంటి కాపలా నేను చూస్తూనే ఉంటాను. గ్లాసు, గది తలుపు, ఇంటికి తిరిగెళ్లే దారి, వీటి లెక్క వాళ్ల తలలో ఆగదు.

ఇప్పుడు బేరం సంగతికి వద్దాం. ఇలాంటి మనిషికి ‘ప్రేమ’ అని ఎవరైనా వచ్చి నిలబడితే టెన్షనే. ఏం ఆశిస్తున్నాడో, ఎక్కడ ఆగుతాడో తెలియదు. ‘ఒప్పందం’ అయితే హద్దులు ముందే గీసుంటాయి. ఏది జరుగుతుందో, ఏది జరగదో ఆమె చేతిలో ఉంటుంది. అందుకే ఉత్తుత్తి బంధం అనే ఎత్తుగడ ఈ నవల్లో అలంకారం కాదు. హానా లాంటి అమ్మాయి ఒక మగవాడి పక్కన భయం లేకుండా కూర్చోడానికి దొరికిన దారి అది. తర్వాత శారీరకంగా దగ్గరవ్వాలన్న మాట కూడా ఆమే ఎత్తుతుంది, తన షరతులతో. అప్పుడు గారెట్ తొందరపడకపోవడం నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఒక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రేమ దొరికితే గాయం మానిపోతుందని ఎవరూ అనుకోకూడదు. హానా అప్పటికే థెరపీ తీసుకుని, చాలావరకు తన కాళ్ల మీద తాను నిలబడి వచ్చింది. గారెట్ ఆమెని బాగుచేయలేదు. బాగుపడుతున్న మనిషి పక్కన బుద్ధిగా ఉన్నాడు.

తెనాలిపెట్టె
అమ్మా, ఈ కోణం నాకు తట్టలేదు. ఇప్పుడు బేరం అన్న మాట మీద కొత్త గౌరవం వచ్చింది.

నల్లమలనీడ
వైద్యం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొదటి అధ్యాయాల మీద నా కోపం అలాగే ఉంది. కానీ ఒప్పందం ఆమెకి రక్షణ అన్న మాట నిజం. థాంక్స్ అండీ.

రిటైర్డ్‌మాస్టారు
నేను డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి కిండిల్‌లో ఇది చదివాను. నా సబ్జెక్టు ఒక ప్రేమకథలో కనబడడం సంతోషం. క్లాసులో చాలామంది తప్పారు కాబట్టి ప్రొఫెసర్ మళ్లీ పరీక్ష పెడుతుంది, హానా ఆ పాఠాన్ని గారెట్‌కి ఉదాహరణలతో విప్పి చెప్తుంది. ఎథిక్స్ బట్టీకి లొంగదు. ‘నువ్వైతే ఆ చోట ఏం చేస్తావు, ఎందుకు?’ అని అడిగితేనే తలకెక్కుతుంది. ఒక మనిషి విలువలేమిటో తెలుసుకోవాలంటే ఆ ప్రశ్న కన్నా మంచి దారి లేదు. కాఫీ షాపులో నెల రోజులు కబుర్లాడినా బయటపడని మనిషి ఈ పాఠంలో బయటపడతాడు. రచయిత్రి లెక్కల పేపరు పెట్టకుండా ఎథిక్స్ పెట్టడం తెలివైన ఎంపిక.

పాలమూరుపోరి
ఆఖరు సంగతి ఎవరూ మాట్లాడరేంది? నాకు కోపమొచ్చింది అక్కడనే. గారెట్ వాళ్ల నాయన వచ్చి హానాను బెదిరిస్తడు. గారెట్‌ను వదిలెయ్, లేకుంటే వాడికి డబ్బులు బంద్ పెడత అంటడు. ఈమె పోయి గారెట్‌తోని ‘వేరేవాళ్లతో కూడా తిరగాలనుంది’ అని అబద్ధమాడి విడిపోతది. అరే, పోయి చెప్పొచ్చు కదా! ఇద్దరు కూసొని మాట్లాడుకుంటే ఒక్క పూటల తేలిపోయే ముచ్చట.

కాఫీతోట
నాకూ అదే. చివర్లో కావాలని పెట్టిన గొడవ. సీరియల్‌ని ఇంకో నాలుగు వారాలు సాగదీయడానికి పెట్టే అపార్థం లాంటిది.

గోదారిగట్టు
నేను ఈ చర్చ మొదలుపెట్టింది అసలు దీనికోసమే. ఆ విడిపోవడం బలహీనంగా ఉందని నాకూ అనిపించింది, కానీ కారణం వేరు. ఒకసారి లెక్క చూడండి. కథ మొదట్నుంచీ హానా ఊరందరికీ అబద్ధం చెప్పింది, గారెట్‌కి చెప్పలేదు. తన జీవితంలో అందరికన్నా దాచుకోవాల్సిన విషయం కూడా అతనికి చెప్పేసింది. నాన్న బెదిరింపు తర్వాత మొదటిసారి అతనికి అబద్ధం చెప్తుంది. నాటకం నడిచినన్నాళ్లూ వాళ్ల మధ్య లేని నాటకం, నాటకం ఆగాక వచ్చింది. ఆలోచన గొప్పది! ఉత్తుత్తి బంధం కథకి ఇంతకన్నా సరైన దెబ్బ దొరకదు.

మరి ఎందుకు తేలిపోయిందంటే, రచయిత్రి ఆ అబద్ధం దగ్గర నిలబడలేదు. హానాకి అది ఎంత కొత్తో, ఎంత బరువో చూపించడానికి ఇంకో అధ్యాయం పట్టేది. ‘అతని మంచికోసం’ అన్న కారణం పెట్టి గబగబా దాటేసింది. అందుకే పాలమూరు చెల్లికి అది తేలిగ్గా తేలిపోయే ముచ్చటలా కనిపించింది.

లోవెల్‌చలి
డబ్బు బెదిరింపు గురించి ఒక మాట. 2015లో ఆ బెదిరింపుకి ఉన్న బరువు ఇప్పుడు లేదు. అప్పట్లో కాలేజీ ఆటగాడు తన పేరు మీద, ఫొటో మీద ఒక్క డాలరు సంపాదించినా అర్హత పోయేది. 2021 జూలై 1 నుంచి ఎన్‌సీఏఏ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు గారెట్ లాంటి కెప్టెన్ ఒక స్కేట్ల కంపెనీకో, ఊళ్లో కార్ల షోరూంకో ప్రకటన చేసి డబ్బు తెచ్చుకోవచ్చు. ఈరోజు ఈ కథ రాస్తే నాన్న చేతిలో ఇంకో ఆయుధం పెట్టాల్సి వచ్చేది. అప్పటి గారెట్‌కి ఆటే ఉద్యోగం, దానికి జీతం లేదు, బయట సంపాదన కుదరదు. అక్టోబరులో మొదలైతే ఏప్రిల్ దాకా సీజన్, ఎక్కువగా శుక్ర శనివారాలు మ్యాచ్‌లు. మిగతా రోజులు క్లాసులూ ప్రాక్టీసూ. నాన్న డబ్బు మీద ఆధారపడ్డం అతని చేతకానితనం కాదు.

పాలమూరుపోరి
ఇది తెల్వదు అన్నా. అట్లయితే హానా భయపడ్డదాంట్ల న్యాయముంది.

మేడమీదగది
ఆలస్యంగా వచ్చాను, అన్నీ చదివాను. నాకు మిగిలిన అసంతృప్తి వేరే ఆడపిల్లల గురించి. హాకీ ఆటగాళ్ల చుట్టూ తిరిగే అమ్మాయిల్ని ఈ నవల (ఈ కోవలోని చాలా నవలలూ అంతే) ఒక గుంపుగా, ఒక ఎగతాళి పేరుతో చూస్తుంది. నాయిక వాళ్లలాంటిది కాదు కాబట్టి గొప్పది అన్నట్టు. గారెట్ ఎంతమందితో తిరిగినా అది అతని ఆకర్షణ, వాళ్లు తిరిగితే చులకన. హానా లాంటి అమ్మాయి మీద ఊరు వేసిన నింద గురించి అంత సున్నితంగా రాసిన చెయ్యే పక్క పేజీలో ఇంకో అమ్మాయిని అంత తేలిగ్గా తీసిపారేయడం నాకు నొప్పిగా ఉంది. హానా స్నేహితురాలు ఆలీ మాత్రం నిండైన మనిషి. ఆ తరహాలో ఇంకో ఇద్దరుంటే బాగుండేది.

వైద్యంవాకిట
మేడమీదగది గారూ, నూటికి నూరు పాళ్లు మీతో ఏకీభవిస్తాను. ఊరు హానాని చూసిన చూపు, క్యాంపస్ ఆ అమ్మాయిల్ని చూసిన చూపు ఒక్కటే.

సీరియల్‌సీత
నేనూ ప్రతిలిపిలో రాస్తాను. గోదారిగట్టు అక్కా, పని విషయం అడుగుతాను. మన సీరియల్స్‌లో కాంట్రాక్ట్ పెళ్లి అంటే హీరో కోటీశ్వరుడు, అమ్మాయి నాన్నకి ఆపరేషన్, సంతకం పెట్టేస్తుంది. నువ్వు చెప్పిన లెక్కలో అది ఎక్కడ నిలుస్తుంది? నా పాఠకులకి అదే కావాలి, కానీ రాస్తుంటే నాకు తృప్తి ఉండట్లేదు.

గోదారిగట్టు
సీతా, సంతకం పెట్టినా పెట్టకపోయినా చూడాల్సింది ఒకటే: కాగితం మీద ఇద్దరికీ సమానంగా అవసరం ఉందా? ఆపరేషన్ కథలో అమ్మాయికి అవసరం, అబ్బాయికి సరదా. అప్పుడది బేరం అవ్వదు, కొనుగోలు అవుతుంది. హానాకి జస్టిన్ కావాలి, గారెట్‌కి మార్కులు కావాలి. రావుకీ మేరీకీ ఇద్దరికీ ఉద్యోగం కావాలి. ఎవరైనా లేచి వెళ్లిపోగలరు, వెళ్తే ఇద్దరికీ నష్టం. మీ కోటీశ్వరుడికి కూడా ఆ అమ్మాయి మాత్రమే తీర్చగలిగే అవసరం ఒకటి పెట్టు, డబ్బుతో తీరనిది. మీ పాఠకులు కోరే పెళ్లి, సంతకం, పెద్దింటి హాలు అన్నీ అలాగే ఉంచుకోవచ్చు.

ఇంకోటి, ‘ద డీల్’ ఒక అధ్యాయం ఆమె గొంతులో, ఒకటి అతని గొంతులో నడుస్తుంది. ఉత్తుత్తి బంధానికి ఈ పద్ధతి బాగా అమరుతుంది. నటన ఎక్కడ ఆగిందో ఆ ఇద్దరికన్నా ముందు చదివేవాళ్లకి తెలిసిపోతుంది. మన సీరియల్స్‌లో అబ్బాయి మనసు ఎప్పుడూ మూసేసిన గదే. ఒక్క భాగం అతని వైపు నుంచి రాసి చూడు.

సీరియల్‌సీత
ఆయనకి అవసరం... ఆయన నానమ్మ ఊళ్లో ఉంటుంది, పక్షవాతం వచ్చింది, ఆవిడ మాట ఆయనకి అర్థం కాదు. ఈ అమ్మాయి స్పీచ్ థెరపీ చదివింది. ఇలా అల్లుకుంటే?

వైద్యంవాకిట
బాగుంది సీతా. రాసేటప్పుడు థెరపీ గురించి ఏదైనా కావాలంటే నన్ను అడుగు. రెండు భాగాల్లో నానమ్మ గలగలా మాట్లాడేస్తుందని మాత్రం రాయకు. ఒక్క మాట తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు.

తెనాలిపెట్టె
ఆ ఒక్క మాట ఏమిటో ఆఖరి భాగం దాకా చెప్పకమ్మా. నేను రోజూ చూస్తాను.

పాలమూరుపోరి
దీని తర్వాత ఏం చదవాలె? సిరీస్ ఉందంటున్నరు.

కాఫీతోట
ఆఫ్ క్యాంపస్ సిరీస్. రెండోది ‘ద మిస్టేక్’, లోగన్ కథ. మూడోది ‘ద స్కోర్’, డీన్‌కీ ఆలీకీ. నాలుగోది ‘ద గోల్’, టకర్‌ది. వీళ్లంతా గారెట్‌తో ఒకే ఇంట్లో ఉండే ఆటగాళ్లే. 2021లో ‘ద లెగసీ’ అని నాలుగు జంటల తర్వాతి జీవితం కూడా వచ్చింది. వరసగా చదువు, లేకపోతే ముందు పుస్తకాల విషయాలు బయటపడిపోతాయి.

మేడమీదగది
ఆలీ నచ్చితే మూడోది వదలొద్దు. ఇందులో పక్కన ఉండిపోయిన అమ్మాయికి అక్కడ తన కథ తనకి దొరుకుతుంది.

పాలమూరుపోరి
అయితే రెండోది ఇయ్యాల రాత్రికే మొదలుపెడుతున్న. హాకీ పేజీలు తిప్పకుంట చదువుత అన్నా, మాట.